చవితి మండపానికి ఇన్సూరెన్స్: ముందు తేదీలు చూడండి

2025 ఆగస్టు 17 రాత్రి హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. రథాన్ని లాగుతున్న బండి ఆగిపోతే జనం చేతులతో తీసుకొస్తున్నారు, అంతలోనే ఘోరం. మర్నాడు రాత్రి బండ్లగూడ దగ్గర వినాయకుడి విగ్రహాన్ని తరలిస్తుంటే కరెంటుకే మరో ఇద్దరు పోయారు. ఆ ఏడాది చవితి ఆగస్టు 27న. పండుగకు ఇంకా వారం పైనే ఉంది. మండపంలో దీపం కూడా వెలిగించలేదు.

ఆ వార్త చదవగానే నాకు తట్టిన ప్రశ్న చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంటుంది: ఇలాంటి చోట పాలసీ ఉంటే, అది ఏ తేదీ నుంచి మొదలై ఉండేది? ఏం చేస్తాం, చేసే పని అలాంటిది. పద్దెనిమిదేళ్లు ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫైళ్లతోనే గడిచాయి. మా వీధి ఉత్సవ కమిటీలో చందాల లెక్కలు కూడా ఆరేళ్లు రాశాను.

ఇసుక బకెట్ పెట్టండి, తీగలు చూసుకోండి, రాత్రి కాపలా ఉంచండి అనే మాటలు పోలీసులూ కరెంటు వాళ్లూ ఎలాగూ చెబుతారు. నేను చెప్పేది పాలసీ గురించే. అందులోనూ ముఖ్యంగా ఒకే ఒక్క తప్పు గురించి. కమిటీలను అప్పుల్లోకి దించింది నేను చూసినంతలో ఆ తప్పే.

ఆ తప్పు ఏమిటంటే, చవితి రోజు నుంచి నిమజ్జనం రోజు వరకు పాలసీ తీసుకోవడం.

వినడానికి సబబుగానే ఉంటుంది. పండుగ ఎన్ని రోజులో పాలసీ అన్ని రోజులు. కానీ ప్రమాదాలు పూజ జరుగుతుండగా తక్కువ. రాటలు పాతేటప్పుడు, విగ్రహం తెచ్చేటప్పుడు, లైటింగ్ కట్టేటప్పుడు, ఊరేగింపులో, చివరికి పందిరి విప్పేటప్పుడు ఎక్కువ. అంటే పాలసీ ఇంకా మొదలవ్వని రోజుల్లో, లేదా అప్పటికే ముగిసిన రోజుల్లో.

గోదావరి జిల్లాల్లో ఒక పట్టణం, పేరు వద్దు. చవితికి మూడు రోజుల ముందు ఈదురుగాలికి మండపం ఇనుప ఫ్రేము పక్కింటి ప్రహరీ మీద పడింది. గోడ పక్కన కూర్చున్న పెద్దాయనకు తుంటి ఎముక విరిగింది. కమిటీ దగ్గర పది లక్షల పబ్లిక్ లయబిలిటీ పాలసీ, అంటే బయటివాళ్లకు జరిగే నష్టానికి పలికేది, ఉంది. ప్రీమియం కట్టారు, రసీదు ఉంది. కానీ పాలసీ మొదలయ్యేది చవితి రోజు నుంచి. ఆ ఫైలు నా టేబుల్ మీద పది నిమిషాలు కూడా ఉండలేదు. కమిటీ క్యాషియర్‌ది చిన్న కిరాణా కొట్టు. ఆపరేషన్ ఖర్చు కోసం ఇంట్లో వాళ్ల గాజులు తాకట్టు పెట్టాడని తర్వాత తెలిసింది. "అన్నీ వస్తాయని ఏజెంటు చెప్పాడు కదండీ" అని మాత్రం అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

తేదీలు, చోటు

పాలసీలో షెడ్యూల్ అనే పేజీ ఉంటుంది. మిగతా పేజీలు తర్వాత చదువుదురుగాని, ముందు అది తీయండి. 'నుంచి' అన్నచోట మొదటి రాట పాతే రోజు ఉండాలి. 'వరకు' అన్నచోట ఆఖరి కర్ర టెంట్ హౌస్ బండి ఎక్కే రోజు ఉండాలి. మధ్యలో చవితి, నిమజ్జనం ఎప్పుడైనా రానివ్వండి.

గంటలు కూడా చూడండి. పెద్ద ఊళ్లలో నిమజ్జనం తెల్లారేదాకా సాగుతుంది. పాలసీ అర్ధరాత్రితో ముగిస్తే ఒంటిగంటకు మీ విగ్రహం క్రేన్ కింద ఉన్నప్పుడు మీకు ఇన్సూరెన్స్ లేనట్టే.

ఈ 2026లో ఇంకో చిక్కుంది. చవితి సెప్టెంబర్ 14, సోమవారం. తొమ్మిదో రోజు లెక్క వేయండి: 22వ తేదీ, మంగళవారం. మంగళవారం గణపతిని కదపనివ్వని పెద్దవాళ్లు ప్రతి వీధిలోనూ ఒకరైనా ఉంటారు. చివరి నిమిషంలో "పదకొండో రోజుకు పెడదాంలే" అంటారు. డీజే వాడికి ఫోన్ చేస్తారు, పురోహితుడికి చేస్తారు, ట్రాక్టర్‌కు చేస్తారు. ఇన్సూరెన్స్ వాళ్లకు మాత్రం ఎవరూ చేయరు. సరిగ్గా ఇలాగే నిమజ్జనం వెనక్కి జరిగి, ఊరేగింపులో కాలు పోగొట్టుకున్న కుర్రాడి ఫైలు నేను చూశాను. పాలసీ అంతకు ముందు రోజే ముగిసింది. రోజు మారితే గడువు ఉండగానే కంపెనీకి రాసి ఎండార్స్‌మెంట్, అంటే పాలసీలో మార్పు చేసినట్టు కాగితం, తీసుకోండి. గడువు దాటాక పొడిగించడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఇక చోటు. షెడ్యూల్‌లో సాధారణంగా మండపం అడ్రస్ ఒక్కటే రాస్తారు. విగ్రహాలు తయారుచేసే ధూల్‌పేట లాంటి చోటి నుంచి విగ్రహం వచ్చే దారి, మండపం నుంచి చెరువుకు వెళ్లే దారి అందులో ఉండవు. విగ్రహం తెచ్చే రోజు, నిమజ్జనం ఊరేగింపు, ఏ వీధుల మీదుగా, ఏ చెరువు దాకా అన్నీ రాయించండి. నోటిమాటగా "కవర్ అవుతుందిలే" అంటే ఒప్పుకోకండి.

అదనపు రోజులకు ఎంత పడుతుందంటారా? మా కమిటీకి ఒక ఏడాది పడ్డది ఆ ఏటి పూలదండల ఖర్చు కన్నా తక్కువ. మీ సంగతి మీరు కోట్ అడిగి తెలుసుకోండి.

ఏ కవర్ ఎవరికి

ముంబై జీఎస్బీ సేవా మండల్ 2025లో గణేశ ఉత్సవానికి 474 కోట్ల పైచిలుకు ఇన్సూరెన్స్ తీసుకుందన్న వార్త అందరూ పంచుకున్నారు. అదంతా బంగారానికేనని చాలామంది అనుకున్నారు. బంగారు, వెండి నగలకు తీసుకున్నది సుమారు 67 కోట్లే. 375 కోట్లు వాలంటీర్లు, పూజారులు, వంటవాళ్లు, సెక్యూరిటీ మనుషుల పర్సనల్ యాక్సిడెంట్ కవర్, అంటే ప్రమాదంలో వాళ్లకే ఏదైనా అయితే వచ్చేది. భక్తుల కోసం పబ్లిక్ లయబిలిటీ 30 కోట్లు. కాస్త అనుభవం ఉన్నవాళ్లు డబ్బు ఎక్కడ పెడతారో దీన్నిబట్టి చూడండి. మన కమిటీలు నన్ను మొదట అడిగేది ఎప్పుడూ "విగ్రహానికి ఎంత వస్తుంది?" అనే.

పబ్లిక్ లయబిలిటీ అంటే దర్శనానికి వచ్చినవాళ్లకు, దారిన పోయేవాళ్లకు, పక్కింటి గోడకు మీ వల్ల నష్టం జరిగితే చట్టప్రకారం మీరు కట్టాల్సింది కంపెనీ కట్టడం. ఇందులో రెండు అంకెలుంటాయి: ఒక్క ప్రమాదానికి ఎంత, పాలసీ కాలం మొత్తానికి ఎంత. ఏజెంటు పెద్ద అంకె చెబుతాడు, మీరు మొదటి అంకె అడగండి. ఎక్సెస్ ఎంతో కూడా అడగండి, అంతమేరకు మీ చేతి డబ్బే.

మీ సొంత వాలంటీర్లు సాధారణంగా 'పబ్లిక్' కిందకు రారు. వాళ్లకు గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్ విడిగా తీసుకోవాలి. పేర్ల జాబితా అడిగితే నిజమైన పేర్లు ఇవ్వండి, చివర్లో చేరిన నలుగురినీ కలపండి. రాత్రంతా విగ్రహం మోసేది వాళ్లే. తాగి ఉన్నప్పుడు జరిగిన ప్రమాదానికి ఈ కవర్ పలకదు, ఆ సంగతి నిమజ్జనం రోజు పొద్దున్నే కుర్రాళ్లను కూర్చోబెట్టి చెప్పండి.

పందిరి వేసే కూలీలు టెంట్ హౌస్ మనుషులు. వాళ్లకు ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ (పనిలో కూలీకి దెబ్బ తగిలితే యజమాని కట్టాల్సిన పరిహారానికి) ఉందా అని టెంట్ హౌస్ యజమానిని అడిగి కాపీ తీసుకోండి. లేదంటే ఇంకో టెంట్ హౌస్ చూసుకోండి. అన్నదానం పెడితే ఆహారం వల్ల అస్వస్థత అయితే వర్తిస్తుందో లేదో రాతలో అడగండి, చాలాసార్లు అది విడిగా కొనాల్సిన కవర్.

కార్యక్రమం రద్దయితే వచ్చే కవర్ వీధి మండపాలకు అంత అవసరం లేదని నా అభిప్రాయం. పెళ్లికో, టికెట్ పెట్టి చేసే సంగీత విభావరికో అది కావాలి. తీసుకునేవాళ్లు మాత్రం తొందరగా తీసుకోండి. 2024లో విజయవాడను బుడమేరు ముంచింది చవితికి సుమారు వారం ముందు. నీళ్లు వచ్చాక, తుపాను హెచ్చరిక వెలువడ్డాక వరదకు పాలసీ అడిగితే ఎవరిస్తారు?

ట్రాక్టర్

ఇక్కడ చాలామంది రెండు పాలసీల మధ్య పడిపోతారు. ఈవెంట్ లయబిలిటీ పాలసీలు మోటారు వాహనం వల్ల జరిగే ప్రమాదాన్ని మామూలుగా మినహాయిస్తాయి, ఆ బాధ్యత మోటారు పాలసీదని. మోటారు పాలసీకి వెళ్తే, ట్రాక్టర్ వ్యవసాయానికని ఇన్సూర్ అయి ఉంటుంది, ట్రాలీకి విడిగా ఇన్సూరెన్స్ ఉండదు, ట్రాలీలో పాతికమంది నిలబడి ఉంటారు. సరుకు బండిలో ఊరికే ఎక్కినవాళ్ల బాధ్యత ఇన్సూరెన్స్ కంపెనీది కాదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. అప్పుడు ఆ కుటుంబాలు ట్రాక్టర్ యజమాని మీదా, కమిటీ మీదా పడతాయి.

కాబట్టి ట్రాక్టర్, ట్రాలీ, జనరేటర్ బండి, క్రేన్ అన్నింటి ఇన్సూరెన్స్ కాపీలు, డ్రైవర్ లైసెన్సు ముందురోజే మీ ఫోన్‌లో ఉండాలి. ట్రాలీలో విగ్రహం, పట్టుకోవడానికి తప్పనిసరి మనుషులు తప్ప ఎవరూ ఎక్కొద్దు. పిల్లలు అసలే వద్దు.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తాను, వీటికి పద్దులు కట్టే ఓపిక లేదు.

- పాలసీ ఎవరి పేరున ఉందో చూడండి. పోలీసు అనుమతి "ఫలానా యూత్ అసోసియేషన్" పేరున, పాలసీ క్యాషియర్ పేరున ఉంటే కమిటీ మీద పడిన దావాకు ఆ పాలసీ పలకకపోవచ్చు. ఎవరి మీద దావా పడుతుందో వాళ్ల పేర్లన్నీ ఉండాలి. స్థలం యజమాని పేరు కూడా.

- ప్రపోజల్ ఫారం, అంటే పాలసీకి పెట్టుకునే దరఖాస్తు, ఏజెంటును నింపనివ్వకండి. ఎంతమంది వస్తారు, మండపం ఎత్తెంత, బాణసంచా ఉందా అన్న చోట తక్కువ రాసి ప్రీమియం తగ్గించానని వాడు సంబరపడతాడు. ఆ అంకెలతోనే తర్వాత మీ క్లెయిమ్ కొట్టేస్తారు.

- ప్రీమియం నేరుగా కంపెనీ ఖాతాకే కట్టండి. ఏజెంటు ఫోన్‌పేకు వద్దు. డబ్బు అందనిదే రిస్క్ తీసుకోకూడదని 1938 నాటి ఇన్సూరెన్స్ చట్టంలోనే 64వీబీ సెక్షన్ ఉంది. చెక్కు బౌన్స్ అయితే మీ దగ్గర ఉన్నది ఉత్త కాగితం.

- కోట్‌లో 18 శాతం జీఎస్టీ కలిపారో లేదో చూడండి. 2025 సెప్టెంబర్‌లో సున్నా అయింది వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీలకే.

- తేదీలు చూశారా? 'నుంచి' దగ్గర రాట పాతే రోజు.

- స్తంభానికి కొక్కెం తగిలించి కరెంటు తీసుకోవద్దు. తాత్కాలిక కనెక్షన్ కాగితం, పోలీసు అనుమతి, ఫైర్ వాళ్లు ఇస్తే వాళ్లది, అన్నీ ఒక కవర్‌లో. ఇవి లేకపోతే కంపెనీకి మొదటి సాకు దొరికినట్టే.

- రాటలు పాతిన రోజు, వైరింగ్ పూర్తయిన రోజు ఫోటోలు తీయండి, తేదీ పడేలా.

- ప్రమాదం జరిగితే మనిషిని ఆసుపత్రికి చేర్చిన వెంటనే కంపెనీకి ఫోన్, ఆ తర్వాత మెయిల్. "పండుగ అయ్యాక చెబుదాం" అనుకోవద్దు. కొన్ని పాలసీల్లో గడువులోపల తెలియజేస్తేనే క్లెయిమ్.

- విరిగిన కర్ర, తెగిన వైరు సర్వేయర్ (నష్టం అంచనా వేయడానికి కంపెనీ పంపే మనిషి) చూసేదాకా తీయొద్దు.

- పెద్దమనుషుల్లో కూర్చుని "ఐదు లక్షలిస్తాం" అని కాగితం రాసివ్వొద్దు. కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకుంటే లయబిలిటీ కవర్ పోతుంది, ఇది దాదాపు ప్రతి పాలసీలోనూ ఉన్న షరతు. బాధితులకు ఆసుపత్రి ఖర్చు ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, ఇవ్వాలి కూడా. తప్పు మాదే అని సంతకం మాత్రం చేయొద్దు.

- పాలసీ ఉంటే కేసు ఉండదనుకోవద్దు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. జైలుకూ కోర్టు జరిమానాకూ ఇన్సూరెన్స్ లేదు.

- కంపెనీ జవాబివ్వకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు, అదీ తేలకపోతే ఇన్సూరెన్స్ కంపెనీల మీద నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి ఫిర్యాదుల వేదిక బీమా భరోసా, ఫోన్ 155255.

- పాలసీ కాపీ క్యాషియర్ బీరువాలో దాచొద్దు. నలుగురి ఫోన్లలో ఉండాలి.

- తేదీలు మళ్లీ చూడండి. ఈసారి ఇంకొకరి చేత చదివించండి, పైకి.

- నిమజ్జనం అయిన మర్నాడు అందరూ నిద్రపోతుంటారు. టెంట్ హౌస్ నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, మెయిన్ ఆపారో లేదో చూడకుండానే నిచ్చెన వేసి సీరియల్ బల్బుల దండలు లాగుతుంటారు. ఆ రోజు కమిటీలో ఒకరు అక్కడే ఉండాలి. ఆ రోజు పాలసీలో కూడా ఉండాలి.