మ్యాచ్ పన్నెండుకి అయిపోతుంది, ఉల్కలు ఆ తర్వాతే

ఏటా డిసెంబర్ 13 రాత్రి, తెల్లవారితే 14 అనగా, జెమినిడ్ ఉల్కలు బాగా రాలతాయి. 2026లో ఆ రాత్రి ఆదివారం పడింది. చలికాలంలో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆదివారం మ్యాచ్ మనకి మామూలుగా రాత్రి పదికి మొదలై పన్నెండుకి ముగుస్తుంది. ఆ ఏడు అమావాస్య వెళ్ళి నాలుగైదు రోజులే అవుతుంది కాబట్టి నెలవంక కూడా మ్యాచ్ మొదలయ్యే వేళకే దిగిపోతుంది. ఫుట్‌బాల్, కారు, ఆకాశం, ఈ మూడింటి మీదా మోజున్నవాడికి ఇంతకన్నా కుదిరిన రాత్రి దొరకదు. దాన్ని పాడుచేసుకోకుండా గడపడం ఎలాగో మన కోరాపుట్, రాయగడ, సాలూరు వైపు వాళ్ళ కోసం రాస్తున్నాను.

నాది జైపూర్‌లో బండ్ల స్పేర్ పార్టుల షాపు. రాజస్థాన్ జైపూర్ కాదు, ఒడిశాలో కోరాపుట్ జిల్లాది. మా తాత సాలూరు నుంచి ఘాట్ ఎక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, కౌంటర్ మీద ఒడియా, ఆదివారం రాత్రి టీవీ ముందు మాత్రం నోటికి ఏది వస్తే అది. నేను ఆర్సెనల్ మనిషిని. 2003–04లో ఒక్క మ్యాచ్ ఓడకుండా లీగ్ గెలిచిన జట్టు అది. 2022–23 నుంచి వరసగా మూడు సీజన్లు రెండో స్థానంలో ఆగిన జట్టు కూడా అదే. చలిలో వెల్లకిలా పడుకుని చుక్క ఎప్పుడు రాలుతుందా అని చూసే ఓపిక నాకు అక్కడి నుంచే వచ్చిందని మా ఆవిడ అంటుంది.

ముందు మ్యాచ్ సంగతి. ఇలాంటి రాత్రికి లీగ్ మ్యాచే పెట్టుకోండి. లీగ్‌లో డ్రా అయితే డ్రానే, ఇంటికి పోవచ్చు. నాకౌట్ అయితే ఇంకో 30 నిమిషాలు, అదీ తేలకపోతే పెనాల్టీలు. అప్పటికి మీ టైం టేబుల్ గాలికి పోతుంది. క్రికెట్ అయితే అసలు లెక్కే అందదు. చివరి ఓవర్‌కి ముందు ఫీల్డింగ్ సర్దడానికి పట్టే టైంలో ఒక కార్నర్, ఒక కౌంటర్ ఎటాక్, ఒక గోల్ అయిపోతాయి. నన్ను తిట్టుకున్నా సరే, వాచీ చూసుకుని ప్రోగ్రాం వేసుకోవాలంటే ఫుట్‌బాలే. చాంపియన్స్ లీగ్ మాత్రం ఈ పనికి వద్దు. చలికాలంలో దాని పెద్ద మ్యాచ్‌లు మనకి ఒంటిగంటన్నరకి మొదలవుతాయి, అయ్యేసరికి మూడున్నర. పైగా అవి వారం మధ్యలో, పొద్దున్నే షాపు తీయాలి.

ఒక్కసారి మాత్రం నాకౌట్ మ్యాచూ, జెమినిడ్‌లూ ఒకే రాత్రి పడ్డాయి. 2022 ప్రపంచకప్ సెమీఫైనల్, అర్జెంటీనా–క్రొయేషియా, మనకి డిసెంబర్ 14 తెల్లవారుజామున పన్నెండున్నరకి. మెస్సీ, క్రొయేషియా కుర్రాడు గ్వార్డియోల్‌ని గీత వెంబడి తిప్పి తిప్పి అల్వారెజ్‌కి బంతి అందించిన మ్యాచ్. 3–0తో తొంభై నిమిషాల్లోనే తేలిపోయింది కాబట్టి రెండున్నరకల్లా మేడ ఎక్కాం. పౌర్ణమి వెళ్ళి కొద్ది రోజులే అయినందున వెన్నెల దండిగా ఉంది. అయినా ఒకటీ అరా పెద్దవి కనిపించాయి. అప్పుడే అనుకున్నాం, ఈసారి వెన్నెల లేని ఏడాది చూసి ఊరు దాటి వెళ్ళాలని.

సగం ఆటకి 15 నిమిషాల విరామం ఉంటుంది. ప్రకటనలు చూస్తూ కూర్చోకుండా బండి దగ్గరకి వెళ్ళండి. టైర్లలో గాలి సాయంత్రమే పట్టించి ఉండాలి. ఇప్పుడు చూడాల్సింది హెడ్‌లైట్ డిమ్ము, బ్రైటూ రెండూ వెలుగుతున్నాయా, వెనక లైట్లు వెలుగుతున్నాయా, అద్దం మీద లోపలి వైపు మరకలేమైనా ఉన్నాయా అన్నది. లోపలి మరకలు పగలు కనిపించవు, రాత్రి ఎదుటి లారీ లైటు పడగానే అద్దం అంతా తెల్లబడుతుంది. బ్రేక్ ఆయిల్ గీతకి దిగువన ఉంటే ఆ రాత్రి ఘాట్ ఎక్కకండి. ఫ్లాస్క్‌లో కాఫీ కూడా అప్పుడే పోయించుకోండి. కోరాపుట్ కొండల మీద పండిన కాఫీ ఉండగా ప్యాకెట్ పొడితో పని లేదు.

ఇక బండి ఎవరు నడపాలి? ఓడిన జట్టు వాడు నడపకూడదు, గెలిచిన జట్టు వాడు అసలే నడపకూడదు. ఫుట్‌బాల్ పట్టని మనిషిని చూసుకోండి. మాకు మా బావమరిది ఉన్నాడు, హాకీ తప్ప ఇంకో ఆట ఆటే కాదంటాడు. 2018లోనూ 2023లోనూ హాకీ ప్రపంచకప్ మన ఒడిశాలోనే జరిగింది కదా, అప్పటి నుంచి మరీ పెరిగింది. మేం మ్యాచ్ చూస్తుంటే వాడు పక్క గదిలో తొమ్మిదింటికే పడుకుంటాడు. పన్నెండుకి లేపితే మొహం కడుక్కుని, "బావా, తాళాలు ఇటియ్యి" అంటాడు. అలాంటి డ్రైవరే కావాలి. మందు తాగినవాడి సంగతి వేరే చెప్పక్కర్లేదు, వాడు వెనక సీట్లో కూడా తలనొప్పే.

వేగం గురించి నా అభిప్రాయం కొంచెం పొడుగు. నాకు స్పీడంటే ఇష్టమే. 2011 నుంచి 2013 దాకా ఢిల్లీ పక్కన బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ జరిగితే, మూడేళ్ళూ వెటెల్ గెలుస్తుంటే కళ్ళార్పకుండా టీవీలో చూశాను. కానీ అక్కడ బళ్ళన్నీ ఒకే వైపు పోతాయి. రోడ్డు మీద వెచ్చగా ఉందని తారు మీద పడుకున్న ఆవు ఉండదు. వెనక లైటు లేకుండా పక్కన ఆపేసిన లారీ ఉండదు. మన జైపూర్–కోరాపుట్ ఘాట్‌లో ఇవి రెండూ ఉంటాయి.

లెక్క చూడండి. 80 మీద పోతుంటే సెకనుకి 22 మీటర్లు. అడ్డం ఏదో ఉందని గుర్తించి కాలు బ్రేక్ మీదకి వెళ్ళేసరికే ఒక సెకను. పొడి రోడ్డు, మంచి టైర్లు అయినా అక్కడి నుంచి ఆగడానికి ఇంకో 35, 40 మీటర్లు. అంతా కలిపితే అరవై దాకా, అంటే ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో గోల్ గీత దగ్గర మొదలుపెట్టి సెంటర్ లైన్ దాటాక ఆగినట్టు. డిమ్ లైటులో మీకు స్పష్టంగా కనిపించేది నలభై యాభై మీటర్లే. కనిపించనంత దూరంలో ఆగే బండిని నడపడం ధైర్యం అనిపించుకోదు. అదే 40 మీద అయితే పెనాల్టీ బాక్స్ దాటిన కాసేపటికే నిలబడిపోతారు. రాత్రి ఘాట్‌లో మా వాళ్ళకి నేను పెట్టిన హద్దు అదే, 40. మలుపుల్లో ఇంకా తక్కువ.

దిగేటప్పుడు రెండు తప్పులు నా షాపుకి బేరం తెచ్చిపెడతాయి. ఒకటి, పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించడం. ఇంజన్ పట్టు పోతుంది, బరువంతా బ్రేకుల మీద పడుతుంది, లైనర్లు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. మసి పట్టి, గాజులా మెరిసే లైనర్ చేతికి ఇస్తే చాలు, ఎలా దించాడో చెప్పేస్తాను. ఏ గేర్‌లో ఎక్కారో ఆ గేర్‌లోనే దిగండి. రెండోది ఇంకా ఘోరం, ఇంజనే ఆపేయడం. ఇంజన్ ఆగితే రెండు మూడు సార్లు నొక్కేసరికి బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. ఇరుకు చోట ఎదురుపడితే, ఎక్కే బండికి దారి ఇవ్వాల్సింది దిగే బండే. అది నియమం కూడా.

కోరాపుట్ దాటాక మంచు పట్టొచ్చు. బ్రైట్ వేస్తే ఆ వెలుగు మంచుకి తగిలి మీ కళ్ళలోకే వస్తుంది. డిమ్ వేసి, ఎడమ వైపు తెల్ల గీత పట్టుకుని పొండి. గీత కూడా కనపడకపోతే రోడ్డు మీద ఆపకుండా, పూర్తిగా దిగగలిగే చోటు చూసుకుని దిగి ఆగండి.

చోటు ఎంచుకోవడంలో అందరూ దేవమాలి అంటారు. 1672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తయిన కొండ, కాదనను. కానీ శీతాకాలం సెలవు రోజుల్లో అక్కడ టెంట్లు, పాటల డబ్బాలు, అర్ధరాత్రి కూడా ఎవరో ఒకరి హెడ్‌లైట్లు. సూర్యోదయానికి అది బాగుంటుంది, ఉల్కలకి కాదు. సునాబెడ, దామన్‌జోడి దీపాల వెలుగు ఆకాశం అంచున కనిపిస్తుంది కాబట్టి వాటికి వీలైనంత దూరం జరగండి. మేం సెమిలిగూడ దాటి పొట్టంగి వైపు, తెలిసిన రైతు చోళ్ళు కోసేసిన మెట్ట చేలో దిగుతాం. ముందు రోజు వెళ్ళి చెప్పి రావాలి. అర్ధరాత్రి కొత్త కారు వచ్చి ఆగితే ఊళ్ళో వాళ్ళు భయపడతారు, న్యాయమే కదా. లోయ అడుగున, చెరువు గట్టున వద్దు. మంచు ముందు అక్కడే దిగుతుంది.

ఒంటిగంటన్నర ప్రాంతంలో చేరతారు. సరిగ్గా అదే మంచి సమయం. దేశం గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మన జైపూర్ పక్క నుంచే పోతుంది కాబట్టి, ఆకాశం లెక్కకీ మన వాచీకీ తేడా దాదాపు ఉండదు. ఉల్కలు వస్తున్నట్టు కనిపించే మిథునరాశి రెండింటికి నెత్తి మీదకి వస్తుంది. పునర్వసు జంట చుక్కలు గుర్తుపడితే చాలు. వాటికి పడమరగా మా అమ్మ గొల్లకావడి అని చూపించే మూడు చుక్కల వరస, ఇంకా అవతల పిల్లలకోడి గుంపు.

టార్పాలిన్ పరిచి, దాని మీద దుప్పటి, పైన రగ్గు. ఆ ఎత్తులో చలి పది డిగ్రీల లోపుకి దిగుతుంది, కదలకుండా పడుకుంటే ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది. మంకీ క్యాప్ పెట్టుకోవడానికి సిగ్గుపడకండి. లైట్లన్నీ ఆర్పాక కళ్ళు చీకటికి అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఎవడైనా గోల్స్ మళ్ళీ చూద్దామని ఫోన్ తీశాడంటే అందరికీ లెక్క మళ్ళీ మొదటికి. అందుకే ఫోన్లన్నీ డిక్కీలో పెట్టించి తాళం నా జేబులో వేసుకుంటాను. టార్చి తప్పదనుకుంటే దాని మీద ఎర్ర జిగేలు కాగితం రెండు మడతలు చుట్టండి.

బైనాక్యులర్స్ పనికిరావు, కనిపించే మేర చిన్నదైపోతుంది. పునర్వసు మీదే చూపు నిలపకండి. అక్కడికి దగ్గరగా పడేవి పొట్టిగా కనిపిస్తాయి, కాస్త పక్కకి చూస్తే పొడుగు గీతలు దొరుకుతాయి. బంతి మీదే కళ్ళు పెట్టిన కొత్త ప్రేక్షకుడికి డిఫెండర్ వెనక దూరుతున్న వింగర్ కనపడడు, ఇక్కడా అంతే. పుస్తకాల్లో గంటకి 120కి పైగా అని ఉంటుంది. అది అన్నీ కుదిరిన ఆకాశానికి. అందులో మూడో వంతు చూసినా మంచి రాత్రి కిందే లెక్క.

ఈ ఉల్కలు 1983లో కనుక్కున్న ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన పొడి. చాలా ఉల్కాపాతాలు తోకచుక్కల వల్ల వస్తాయి, ఇది వేరు. ఇసుక రేణువంత, మహా అయితే బఠాణీ అంత ముక్క సెకనుకి 35 కిలోమీటర్ల వేగంతో గాలి పొరలోకి దూరి మండిపోతుంది. జైపూర్ నుంచి కోరాపుట్‌కి ఒక్క సెకను కూడా పట్టని వేగం. అయినా ఉల్కల్లో ఇవి నెమ్మది రకమే, ఆగస్టు పెర్సీడ్‌లు 59 మీద పోతాయి. ఆగస్టులో మన కొండల మీద మబ్బు తప్ప ఏం కనిపిస్తుంది గనక, వాటిని మర్చిపోండి. నిదానంగా, మెరుపు గీతలా సాగుతూ, పక్కవాడిని "అదిగో!" అని గిల్లేంత వ్యవధి ఇచ్చేవి జెమినిడ్‌లే. వెలుగుతూ ఆరుతూ పోయేది విమానం, ఆరకుండా నింపాదిగా జరిగేది ఉపగ్రహం. చూసినవన్నీ లెక్కలో వేసుకునే ఉత్సాహవంతులు ప్రతి గుంపులోనూ ఉంటారు, ఆ గుంపులో రిఫరీ మీరే.

తిరుగు ప్రయాణం నాలుగింటికి పెట్టుకోకండి. మెలకువ మీద పట్టు బాగా జారే వేళ అది, ఘాట్‌లో మంచు చిక్కగా ఉండే వేళ కూడా. సీట్లు వెనక్కి వాల్చి, అద్దాలు కాస్త దించి పడుకోండి. ఈసారి తెల్లవారుజామున తూర్పున శుక్రుడు ధగధగలాడుతూ ఉంటాడు, అతన్ని చూశాక కునుకు తీసినా నష్టం లేదు. ఎండ పొడిచి, మంచు కరిగాక సెమిలిగూడలో వేడివేడి బరా, ఘుగుని తిని బయల్దేరితే తొమ్మిదిన్నర, పదికి షాపు తీయొచ్చు. సోమవారం కాబట్టి కుర్రాడికి తాళం ముందే ఇచ్చి ఉంచండి.

13న మబ్బు పడితే బెంగపడక్కర్లేదు. 14 రాత్రి కూడా దాదాపు ఇంతే బాగుంటుంది, చంద్రుడు ఇంకాస్త ఆలస్యంగా దిగుతాడంతే. అదీ పోతే జనవరి 3 రాత్రి క్వాడ్రాంటిడ్‌లు ఉన్నాయి. 2027లో అదీ ఆదివారమే. కాకపోతే వాటి జోరు కొన్ని గంటలే, మనకి తెల్లవారుజామున ఈశాన్యం వైపే చూసుకోవాలి.