మళ్లీ వచ్చే కుటుంబాలకు ఏమివ్వాలి?

విజయనగరంలో నాకు రెండు క్యాంపర్ వ్యాన్లు (లోపలే పడుకునే వీలున్నవి) ఉన్నాయి, అద్దెకిస్తాను. ఇంత చిన్న వ్యాపారంలో పాయింట్లూ కార్డులూ పెట్టుకోకండి. వాటి లెక్క చూడడానికే ఒక మనిషి కావాలి. నోటు పుస్తకం చాలు.

వ్యాను తిరిగొచ్చిన సాయంత్రమే ఆ కుటుంబం పేరు కింద రాయండి: పిల్లల వయసు, ఎక్కడికి వెళ్లారు, దేనికి విసుక్కున్నారు. రెండోసారి ఫోను చేసినప్పుడు ఆ పేజీ తెరవండి. నడుము నొప్పన్న పెద్దాయన కోసం పరుపు మీద బొంత ముందే పరచి ఉంటే, ఐదు శాతం తగ్గింపు గురించి ఎవరడుగుతారు?

రథసప్తమికి అరసవల్లి సూర్యుని గుడి, దసరా తర్వాతి మంగళవారం మా ఊరి పైడితల్లమ్మ సిరిమానోత్సవం: ఇలాంటి పండుగ రోజుల్లో ధర తగ్గించడం తెలివితక్కువ పని. పాతవారికి ముందుగా కబురు చేసి, వారు వద్దన్నాకే కొత్తవారికి ఇవ్వండి. అదే వారికి పెద్ద మర్యాద.

అన్నిటికన్నా చవకైన కానుక సమయం. చలికాలంలో తేలినీలాపురం పక్షులను చూడబోయేవారికి చీకటి పడేదాకా కదలబుద్ధి కాదు. తర్వాతి బుకింగ్ లేకపోతే "రేపు పొద్దున ఇవ్వండి, అద్దె పెరగదు" అనండి. డిపాజిట్ కూడా సగానికి తగ్గించవచ్చు, వ్యాను శుభ్రంగా తెచ్చేవారికి మాత్రమే.

వస్తువే ఇవ్వాలనుకుంటే పలాస జీడిపప్పు పొట్లం పెట్టండి. మీ పేరు అచ్చేసిన తాళాల గొలుసు ఎవరికీ అక్కర్లేదు.