పాత స్పోర్ట్స్ కారుకు కొత్త బ్యాటరీ: లక్షణం, కారణం, పరిష్కారం

పాత స్పోర్ట్స్ కారు స్టార్ట్ కాకపోతే ముందు నింద పడేది బ్యాటరీ మీదే. చాలాసార్లు అది నిజమే కానీ, అది ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది తెచ్చి పెడితే అదీ అదే దారి పడుతుంది. ఈ కార్లు తిరిగేది తక్కువ, కవరు కింద నిలబడి ఉండేది ఎక్కువ. పైగా చోటు చాలకో, బరువు సర్దడానికో బ్యాటరీని ఎక్కడెక్కడో పెట్టారు. మజ్దా ఎంఎక్స్-5 మొదటి తరంలో అది డిక్కీలో ఉంటుంది, కార్వెట్ సీ3లో సీట్ల వెనక అరలో. 1974కు ముందు ఎంజీబీల్లో సీట్ల వెనక ఫ్లోరు కింద రెండు 6 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి. 1969-73 మధ్య పోర్షా 911లో ముందు రెండు మూలల్లో చెరొక 12 వోల్టుల బ్యాటరీ, రెండూ ప్యారలల్‌లో. అందుకే కొనడం, బిగించడం కూడా మామూలు కారుతో పోలిస్తే కాస్త జాగ్రత్తగా చేయాల్సిన పనులు.

ఏ లక్షణం కనిపించినా మొదటి పని ఒకటే. బండిని కొన్ని గంటలు కదపకుండా ఉంచి, మల్టీమీటరుతో బ్యాటరీ పోల్స్ మీద వోల్టేజీ చూడండి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి 12.6 లేదా ఆపైన ఉంటే ఫుల్ ఛార్జి. 12.4 అంటే ముప్పాతిక, 12.2 అంటే సగం, 12.0 అంటే దాదాపు అడుగంటినట్టే. ఏజీఎం రకం (యాసిడ్‌ను గాజుపీచు పొరల్లో పీల్చి ఉంచే సీల్డ్ బ్యాటరీ) ఫుల్‌గా ఉన్నప్పుడు 12.8 దాకా చూపిస్తుంది. తక్కువ ఉంటే ఛార్జరు పెట్టి పూర్తిగా నింపి, తీసేసి, ఒక రాత్రి వదిలేసి మళ్లీ కొలవండి. తెల్లారేసరికి 12.4 కిందికి జారిందంటే ఆ బ్యాటరీ పని అయిపోయింది. 10.5 దగ్గర ఆగిపోయిందంటే ఆరు సెల్స్‌లో ఒకటి షార్ట్ అయింది, దాని మీద ఇక సమయం వృథా చేయొద్దు.

సెల్ఫ్ కొడితే టిక్ మంటుంది, ఇంజిన్ తిరగదు

హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు పూర్తిగా మసకబారితే బ్యాటరీలో పస లేదు, లేదా ఎక్కడో కాంటాక్టు సరిగా లేదు. లైట్లు అలాగే వెలుగుతుంటే బ్యాటరీని వదిలేసి సెల్ఫ్ మోటారు సోలెనాయిడ్ (దానికి కరెంటు కలిపే స్విచ్), ఇగ్నిషన్ స్విచ్, వాటి వైర్లు చూడాలి.

లైట్లు మసకబారినా వెంటనే కొత్త బ్యాటరీకి పరుగెత్తకండి. ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, మీరు మీటరు మొనలు నేరుగా సీసపు పోల్స్ మీద పెట్టండి, క్లాంపుల మీద కాదు. వోల్టేజీ 9.6 కిందికి పడిపోతే తప్పు బ్యాటరీదే. 10 పైనే ఉండి ఇంజిన్ మాత్రం ఈడ్చుకుంటూ తిరుగుతుంటే కరెంటు దారిలో పోతోంది. ఒక మొన పాజిటివ్ పోల్ మీద, రెండోది సెల్ఫ్ మోటారు దగ్గర అదే కేబులు బోల్టు మీద పెట్టి మళ్లీ కొట్టించండి. అర వోల్టు మించి చూపిస్తే ఆ కేబులు గానీ, దాని చివరలు గానీ పాడయ్యాయి. డిక్కీలో బ్యాటరీ ఉన్న కార్లలో ఈ కేబులు బండి పొడుగునా పాకుతుంది కాబట్టి ఈ పరీక్ష తప్పనిసరి. అలాగే ఎర్త్ పోల్‌కూ, అంటే బాడీకి కలిపిన పోల్‌కూ, ఇంజిన్ బ్లాకుకూ మధ్య సెల్ఫ్ కొట్టిస్తూ కొలవండి. పావు వోల్టు దాటితే ఎర్త్ బాగాలేదు.

పాత బండ్లలో నేను ముందు అనుమానించేది ఈ ఎర్త్‌నే. ఇంజిన్ రబ్బరు మౌంటుల మీద కూర్చుంటుంది కాబట్టి బాడీకీ దానికీ మధ్య అల్లిక వైరుతో చేసిన ఎర్త్ పట్టీ ఒకటి ఉంటుంది. అది తెగినా, పెయింటు మీద బిగించినా సెల్ఫ్ కరెంటు మరో దారి వెతుక్కుంటుంది. ఒక్కోసారి యాక్సిలరేటరు కేబులు గుండా, చోక్ కేబులు గుండా పోతుంది. సెల్ఫ్ కొట్టాక ఆ కేబుళ్లు వేడెక్కితే ఇంకే పరీక్షా అక్కర్లేదు. పట్టీ విప్పి, రెండు చివరలా లోహం మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్ది బిగించండి. పట్టీ నల్లబడి పెళుసెక్కి ఉంటే కొత్తది వేయండి.

పోల్స్ మీద తెల్లగానో పచ్చగానో చిలుము పట్టి ఉంటే క్లాంపులు తీసి, వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, తుడిచి, వైరు బ్రష్షుతో రుద్దండి. సోడా నీళ్లు సెల్స్‌లోకి పోనివ్వకండి.

వారం నిలబెడితే చచ్చిపోతుంది

బండి ఆపేసి ఉన్నా ఏదో ఒకటి కరెంటు లాగుతోంది. గడియారం, అలారం లాంటివి కొద్దిగా లాగడం మామూలే. 50 మిల్లీ యాంపులు దాటనంతవరకు దాన్ని లీకేజీ అనరు. అయినా 50 మిల్లీ యాంపులంటే రోజుకు 1.2 ఏహెచ్ (యాంపియర్-అవర్, బ్యాటరీ నిల్వను కొలిచే లెక్క). 45 ఏహెచ్ బ్యాటరీ మూడు వారాలు తిరక్కుండానే సగానికి వస్తుంది. అదే పావు యాంపు లాగితే నాలుగో రోజుకే సగం ఖాళీ. లెడ్ యాసిడ్ బ్యాటరీ అలా ఖాళీగా ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి, ఆ తర్వాత ఎంత ఛార్జి పెట్టినా పూర్వపు పస రాదు. ఈ కార్లలో బ్యాటరీలు పోయేది వాడకం వల్ల కన్నా ఇలా ఎండబెట్టడం వల్లే ఎక్కువ.

కొలవడం ఇలా. ఇగ్నిషన్ ఆపి, బానెట్ లైటు, డిక్కీ లైటు వెలగకుండా చూసుకుని, ఎర్త్ కేబులు పోల్ నుంచి తీసి, పోల్‌కూ కేబులుకూ మధ్య మీటరును 10 యాంపుల రేంజిలో పెట్టండి. తలుపు తెరిచి పని చేయాల్సి వస్తే దాని లాచ్‌ని స్క్రూడ్రైవరుతో మూసిన స్థితికి తిప్పి ఉంచవచ్చు. కాసేపాగి అంకె చూడండి. మీటరు అలా ఉండగా మాత్రం సెల్ఫ్ కొట్టొద్దు, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. లాగుడు ఎక్కువగా ఉంటే ఒక్కో ఫ్యూజు తీస్తూ పోండి. ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో దొంగ ఆ సర్క్యూట్‌లోనే ఉంది. చాలావరకు గ్లవ్‌బాక్స్ బల్బో, ఎవరో తర్వాత తగిలించిన స్టీరియోనో, అలారమో అయి ఉంటుంది. ఫ్యూజులన్నీ తీసినా అంకె తగ్గలేదంటే ఆల్టర్నేటరు (ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని నింపేది) డయోడు లీకవుతూ ఉండొచ్చు. బ్యాటరీ పూర్తిగా విప్పేసి, ఆల్టర్నేటరు వెనక లావుపాటి వైరు తీసి ఏదీ తగలకుండా చుట్టిపెట్టి, మళ్లీ కొలిస్తే తేలిపోతుంది.

లీకేజీ ఏమీ లేకపోయినా బండి నెలల తరబడి కదలదనుకుంటే ఆటోమేటిక్ మెయింటెనెన్స్ ఛార్జరు తగిలించడమో, ఎర్త్ విప్పేయడమో చేయాలి. పది నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి ఆపేయడం వల్ల ప్రయోజనం లేదు. సెల్ఫ్ తిన్న కరెంటే సరిగా తిరిగి రాదు.

కొత్త బ్యాటరీ వేసినా కొన్ని నెలలే

ఇంజిన్‌ను 2000 ఆర్‌పీఎం దగ్గర ఉంచి పోల్స్ మీద కొలవండి. 13.8 నుంచి 14.5 వరకు ఉండాలి. 13.2 దాటకపోతే బెల్టు జారుతోంది, లేదా ఆల్టర్నేటరు లోపలి బ్రష్షులు అరిగాయి, లేదా ఛార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటరు పోయింది. 15 దాటితే ఇంకా ప్రమాదం. యాసిడ్‌లో నీళ్లు మరిగిపోయి ప్లేట్లు బయటపడతాయి, కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. ఆ వాసన వస్తే ఇంజిన్ ఆపి, గాలి ఆడనిచ్చి, దగ్గరలో నిప్పు లేకుండా చూసుకోండి. రెగ్యులేటరు సరిచేయకుండా కొత్త బ్యాటరీ పెట్టొద్దు. ఆల్టర్నేటరు బదులు పాత రకం డైనమో ఉన్న బండ్లలో ఐడిలింగ్‌లో ఛార్జింగ్ లైటు మిణుకుమిణుకుమంటే టెన్షన్ పడక్కర్లేదు, వాటి స్వభావమే అంత. రేజ్ చేసినప్పుడు ఆరిపోతోందా లేదా అన్నదే చూడాలి.

కొన్న బ్యాటరీ కూర్చోదు, లేదా కూర్చున్నా కేబులు అందదు

పెద్దది వేస్తే బలంగా ఉంటుందన్న నమ్మకంతో వచ్చే తంటా ఇది. ఈ కార్లకు సరైన కొలతే ముఖ్యం, అంకెల బలం ఆ తర్వాతి మాట. కొనే ముందు పొడవు, వెడల్పు, పోల్స్‌తో కలిపి ఎత్తు టేపుతో కొలవండి. అన్నిటికన్నా ఎత్తు ప్రమాదకరం. స్పోర్ట్స్ కారు బానెట్ కిందికి ఉంటుంది. మూసినప్పుడు పాజిటివ్ పోల్ దానికి తగిలిందా, నేరుగా షార్టే. అనుమానం ఉంటే పాత బ్యాటరీ పోల్స్ మీద మెత్తటి మట్టి ముద్ద పెట్టి, పల్చటి ప్లాస్టిక్ కప్పి, బానెట్ మెల్లగా మూసి తెరిస్తే ఎంత ఖాళీ ఉందో తెలిసిపోతుంది.

తర్వాత, పోల్స్ మీ వైపు ఉండేలా బ్యాటరీని పెట్టుకుని పాజిటివ్ కుడి వైపా, ఎడమ వైపా చూడండి. లేబులు మీద ఎల్, ఆర్ అక్షరాల అర్థం కంపెనీని బట్టి మారుతుంది, వాటిని నమ్ముకోవద్దు. తిప్పి పెట్టి కేబులు లాగి తగిలించడం పరిష్కారం కాదు. ఆ బిగువుకు ఏదో ఒక రోజు పోలే కదిలిపోతుంది. పోల్ లావు కూడా ముఖ్యమే. కొన్ని జపాన్ కార్లకు సన్న పోల్స్ ఉంటాయి. ఆ క్లాంపు లావు పోల్ మీదికి ఎక్కదు, లావు క్లాంపు సన్న పోల్ మీద లూజవుతుంది. లూజుకు సీసపు తొడుగులు దొరుకుతాయి. వాటి బదులు మేకో, రేకు ముక్కో దూర్చడం మాత్రం చేయొద్దు.

బ్యాటరీని అడుగు అంచు పట్టుకునే క్లాంపు మీ బండిలో ఉంటే, అంచు ఉన్న బ్యాటరీయే కావాలి. పైనుంచి రాడ్లతో బిగించేదైతే అంచుతో పని లేదు. ఏ రకమైనా గట్టిగా పట్టుకోవాలి. మలుపుల్లో కదిలే బ్యాటరీ ప్లేట్లు విరుగుతాయి.

డిక్కీలోనో, సీట్ల వెనకో ఉండే బ్యాటరీకి గ్యాసు బయటికి పోయే గొట్టం తగిలించే రంధ్రం ఉండి తీరాలి. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, గాలిలో 4 శాతం చేరితే చాలు అంటుకుంటుంది. ఎంఎక్స్-5కి మొదట సీల్డ్ బ్యాటరీ, గొట్టాలు ఇచ్చింది ఇందుకే. గొట్టం లేని చవక బ్యాటరీ పెట్టిన డిక్కీల్లో రేకు తుప్పు పట్టి చిల్లులు పడటం మామూలే. పోర్షా 924, 944లలో కూడా ఇలాగే యాసిడ్ కారి బ్యాటరీ ట్రే తుప్పు పడితే, వాన నీళ్లు లోపల కాళ్ల దగ్గరికి వస్తాయి. కార్పెట్ తడిసిందని అద్దాల బీడింగులు వెతికే ముందు ట్రే కింద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.

రకం విషయానికొస్తే, లోపల ఉండే బ్యాటరీకి నా ఓటు ఏజీఎంకే. కారదు, కుదుపులకు తట్టుకుంటుంది. కానీ 14.8 దాటించే పాత రెగ్యులేటరుతో అది బతకదు. లిథియం చాలా బరువు తగ్గిస్తుంది, అయితే దానికి తగిన ఛార్జరు, నమ్మకమైన రెగ్యులేటరు కావాలి. చలికి ఛార్జి సరిగా తీసుకోదు. అరుదుగా తిరిగే బండికి నేనైతే వేయను. సీసీఏ అంకె (చలిలో సెల్ఫ్‌కు బ్యాటరీ ఇవ్వగల కరెంటు) కారు తయారీదారు చెప్పినదానికి తగ్గకపోతే చాలు. ఆ అంకెను కొలిచే పద్ధతులు డిన్, ఎస్ఏఈ అని వేరువేరుగా ఉంటాయి, వాటి అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకండి, ఒకే బ్యాటరీకి డిన్ అంకె తక్కువగా ఉంటుంది. రెండు బ్యాటరీల బండికి రెండూ ఒకేసారి, ఒకే రకం మార్చాలి. షాపులోనే తయారీ తేదీ, వోల్టేజీ చూడండి. 12.5 కన్నా తక్కువ ఉంటే ఇంకోటి అడగండి.

బిగించేటప్పుడు

బ్యాటరీ తీశాక రేడియో కోడ్ అడగొచ్చు, అది మీ దగ్గర ఉందో లేదో ముందే చూసుకోండి. లాక్ కరెంటు మీద నడిచే డిక్కీ అయితే పని పూర్తయ్యేదాకా మూయకండి. ఎర్త్ ఏ వైపు ఉందో నిర్ధారించుకోండి. 1967కు ముందు ఎంజీబీ, 3.8 లీటర్ల జాగ్వార్ ఈ-టైప్ లాంటి వాటిలో బాడీకి పోయేది పాజిటివ్. సూత్రం రెండింటికీ ఒకటే: బాడీకి పోయే కేబులు ముందు తీయాలి, చివర తగిలించాలి. అప్పుడు రెండో పోల్ మీద ఉన్న స్పానరు బాడీకి తగిలినా నిప్పురవ్వ రాదు. చేతి ఉంగరం, లోహపు గడియారం తీసేయండి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి.

ట్రే కడిగి, తుప్పు గీకి, పెయింటు వేసి ఆరనివ్వండి. ఈలోగా కొత్త బ్యాటరీని ఛార్జరు మీద పెట్టి నింపండి. ఖాళీ బ్యాటరీని నింపే పని పాత ఆల్టర్నేటరు మీద వేయడం దానికి శిక్షే. బ్యాటరీ కూర్చోబెట్టి, క్లాంపు బిగించి, గొట్టం తగిలించి, అది మడత పడకుండా బండి బయటికి వెళ్లిందో లేదో చూసి, తర్వాతే కేబుళ్లు. బిగించాక పైన వాజిలిన్ పూయండి.

బిగించాక ఏదో తేడా

పాత ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో మొదట ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉండొచ్చు. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు) నేర్చుకున్నదంతా మరిచిపోయింది, కొంత దూరం నడిపితే సర్దుకుంటుంది. అలారం మోగితే తాళంతో ఒకసారి లాక్ చేసి తీయండి. ఏదీ వెలగకపోతే ముందు క్లాంపులు, తర్వాత మెయిన్ ఫ్యూజు. కేబుళ్లు ఒక్క క్షణం తారుమారుగా తగిలినా ఆల్టర్నేటరు డయోడ్లు పోయే అవకాశం ఉంది. కాబట్టి ఫ్యూజు మార్చి ఇంజిన్ స్టార్ట్ చేయగానే 2000 ఆర్‌పీఎం దగ్గర ఛార్జింగ్ కొలిచాకే బండి బయటికి తీయండి.