ఎండలు ముదరకముందే వ్యాన్‌లో ఫ్రిజ్ కరెంటు సంగతి చూసుకోండి

వ్యాన్‌నే ఇల్లు చేసుకుని తిరిగేవారికి చలికాలమంతా ఏ ఇబ్బందీ పెట్టని ఫ్రిజ్ ఎండాకాలం రాగానే తెల్లవారుజామున ఆగిపోతుంది. బ్యాటరీ పోయిందనుకుని చాలామంది కొత్తది కొంటారు. చాలాసార్లు బ్యాటరీ బాగానే ఉంటుంది, అసలు కారణం వేడి. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ చిన్నదైతే నడుస్తున్నంతసేపూ నాలుగైదు ఆంపియర్లు తీసుకుంటుంది. వేడికి మారేది ముఖ్యంగా అది గంటలో ఎన్ని నిమిషాలు నడుస్తుందన్నది. గంటకి ఇరవై నిమిషాలు నడిస్తే రోజుకి సుమారు 36 ఆంపియర్ అవర్లు (ఆంపియర్లని నడిచిన గంటలతో గుణిస్తే వచ్చే లెక్క) చాలు. వ్యాన్ లోపల ఉడికిపోయి అదే ఫ్రిజ్ గంటకి ముప్పావుగంట నడిస్తే లెక్క 80 దాటుతుంది. అందుకే ఫ్రిజ్ మీద అంటించిన అంకెను నమ్ముకోకండి. ఎండలు మొదలైన వారంలోనే, బాగా వేడిగా ఉన్న ఒక రోజు, 24 గంటల పాటు ఎంత కరెంటు పోయిందో బ్యాటరీ మానిటర్‌తో (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంటుని లెక్కపెట్టే మీటరు) కొలవండి. మిగతా నిర్ణయాలన్నీ ఆ అంకె మీదే ఆధారపడతాయి.

అంకె ఎక్కువ వచ్చిందా, వెంటనే బ్యాటరీ కొనకండి. ముందు ఫ్రిజ్‌కి గాలి ఆడేలా చూడండి. కంప్రెసర్ వైపు వేడి గాలి బయటికి పోయే దారి లేకుండా చెక్క అరలో బిగించేస్తే, తను వదిలిన వేడినే తిరిగి పీల్చుకుంటూ ఆగకుండా నడుస్తుంది. కింద చల్లగాలి రావడానికి ఒకటి, పైన వేడి పోవడానికి ఒకటి, రెండు దారులు కావాలి. జాలీలకి పట్టిన దుమ్ము దులపండి. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి మూసి లాగి చూడండి, సులువుగా వచ్చేస్తే అక్కడి నుంచి చల్లదనం పోతున్నట్టే. వేడి వంటకాలు, ఎండలో ఉన్న నీళ్ల సీసాలు నేరుగా లోపల పెట్టకండి.

కంప్రెసర్ లేని థర్మోఎలక్ట్రిక్ కూలర్ చవకగా దొరికినా వ్యాన్‌లో కాపురానికి నేను వద్దంటాను. అది బయటి వేడి కన్నా ఇరవై డిగ్రీల దాకానే తగ్గించగలదు. పైగా చాలా రకాలు ఆగకుండా నడుస్తూనే ఉంటాయి.

ఇక వైరు. ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది దీన్నే. బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కి 5 మీటర్లుంటే, రానూపోనూ 10 మీటర్ల రాగి తీగ. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 5 ఆంపియర్ల దగ్గర అర వోల్టుకి పైగా దారిలోనే పోతుంది. 6 చదరపు మిల్లీమీటర్లది వేస్తే పోయేది 0.15 వోల్టు లోపే. ఆ అర వోల్టే ఫ్రిజ్‌ని మోసం చేస్తుంది: బ్యాటరీలో ఛార్జ్ ఉన్నా, తన దగ్గరికి వచ్చిన వోల్టేజీ తక్కువ కాబట్టి కటాఫ్ అయిపోతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ కూడా వద్దు. కుదుపులకి ప్లగ్ వదులై, వేడెక్కి కరిగిన సందర్భాలుంటాయి. నేరుగా మందపాటి వైరు లాగండి, ప్లస్ వైరుకి బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు ఉన్నది ముఖ్యంగా వైరు అంటుకోకుండా కాపాడటానికి. ఫ్రిజ్ దగ్గర పెడితే దారిలో షార్టయిన వైరుని అది కాపాడలేదు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ వైరు విప్పడం మరవకండి.

బండి స్టార్ట్ చేసే బ్యాటరీ మీద ఫ్రిజ్‌ని రాత్రంతా నడపకండి. అది లోతుగా ఖాళీ కావడానికి చేసింది కాదు, పొద్దున్నే ఇంజన్ కదలదు. విడిగా పెట్టే లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే మీది అనుకోండి, 100 ఆంపియర్ అవర్లని రాసి ఉంటే 50. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే 80 దాకా వాడుకోవచ్చు. ఈ లిథియం బ్యాటరీని ఆల్టర్నేటర్‌కి (ఇంజన్ నడుస్తున్నప్పుడు కరెంటు తయారుచేసేది) నేరుగా కలిపితే ఆగకుండా కరెంటు లాగి ఆల్టర్నేటర్‌ని మాడ్చేయగలదు, మధ్యలో ఆ కరెంటుని అదుపులో ఉంచే డీసీ-డీసీ ఛార్జర్ తప్పనిసరి.

సోలార్ ప్యానెల్‌తో ఒక చిక్కు ఉంది. నీడలో ఆపితే వ్యాన్ చల్లబడుతుంది కానీ ప్యానెల్ పనిచేయదు, ఎండలో ఆపితే రెండూ తలకిందులు. పైగా ప్యానెల్ బాగా వేడెక్కితే ఇచ్చే పవరూ తగ్గుతుంది. వైరుతో బయట ఎండలో పెట్టుకునే విడి ప్యానెల్ ఉంటే వ్యాన్‌ని నీడలో ఉంచవచ్చు. మబ్బు పట్టిన రెండు రోజులకి బ్యాటరీ చాలుతుందో లేదో కూడా లెక్క చూసుకోండి.

ఛార్జ్ తగ్గిందని రాత్రి ఇంజన్ ఆన్ చేసి నిద్రపోకండి. జనరేటర్‌ని వ్యాన్ లోపలే కాదు, తలుపు, కిటికీ దగ్గర కూడా పెట్టకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ ఉన్నవారు దాని పొగ బయటికే పోతోందని చూసుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి బిగించి, నెలకోసారి బటన్ నొక్కి చూడండి.

ఫ్రిజ్ లోపల చిన్న థర్మామీటర్ పెట్టండి. 5 డిగ్రీల లోపు ఉండాలి. కరెంటు పోయి రెండు గంటలకి మించి లోపల వేడెక్కి ఉంటే పాలు, మాంసం, వండిన అన్నం పారేయండి, వాసన చూసి తేల్చుకోకండి. ఇన్సులిన్ ఉంచేవారికి రెండు వైపులా ప్రమాదమే: తెరవనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఒక్కసారి గడ్డకట్టినా పనికిరాదు. చిన్న ఫ్రిజ్‌లలో చల్లబరిచే పలక పక్కన గడ్డకట్టే అవకాశం ఉంది కాబట్టి, దాన్ని ఒక డబ్బాలో వేసి పలకకి దూరంగా పెట్టి, థర్మామీటర్‌ని కూడా ఆ డబ్బా పక్కనే ఉంచండి.