చేత్తో చేసే గాజులు, నగలకు కస్టమర్లను ఎలా పెంచుకోవాలి?

ఇంట్లో సిల్క్ థ్రెడ్ గాజులు, టెర్రకోట జుంకాలు, పూసల దండలు చేసేవాళ్లలో చాలామంది ఒకేచోట ఆగిపోతుంటారు. చుట్టాలు, పక్కింటివాళ్లు కొనడం అయిపోయాక ఆర్డర్లు రావు. అప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరిచి, రోజూ ఫొటోలు పెట్టి, ఫాలోవర్లు పెరగడం లేదని టెన్షన్ పడతారు. ఇన్‌స్టాగ్రామ్ పనికిరాదని కాదు కానీ, మొదట వెతకాల్సిన చోటు అది కాదు. మ్యాచింగ్ గాజులు కావాలనుకునే మనిషి ముందు చీర కొంటుంది, తర్వాత బ్లౌజు కుట్టించుకుంటుంది, గాజుల ఆలోచన ఆ తర్వాతే వస్తుంది. కాబట్టి చీర ఎక్కడ ఉంటే మీరు అక్కడ ఉండాలి.

1. టైలర్ దగ్గర మొదలుపెట్టండి

మీ పేటలో బాగా గిరాకీ ఉన్న ఇద్దరు ముగ్గురు లేడీస్ టైలర్లను, మగ్గం వర్క్ చేసేవాళ్లను ఎంచుకోండి. విజిటింగ్ కార్డు ఇచ్చి వచ్చేస్తే ఏమీ జరగదు. వాళ్ల షాపులో వేలాడుతున్న ఒక బ్లౌజుకు సరిగ్గా సరిపోయే గాజుల సెట్ చేసి, దాని పక్కనే పెట్టించండి. బ్లౌజు తీసుకోవడానికి వచ్చినావిడ రెండూ కలిపి చూస్తుంది. ఆ తర్వాత మీరు పెద్దగా చెప్పాల్సింది ఉండదు.

డబ్బు విషయం మొదటిరోజే తేల్చుకోండి. "అక్కా, మీ దగ్గర నుంచి వచ్చిన ప్రతి ఆర్డరుకూ పది శాతం మీకు ఇస్తాను" అని సూటిగా చెప్పేయండి. ఆ పది శాతాన్ని ముందే ధరలో కలుపుకోండి. ఉదాహరణకు సామానుకు 90 రూపాయలు, బాక్సుకు 20, మీ రెండు గంటల పనికి 120 అనుకుంటే, 230 మీ చేతికి రావాలి. అంటే అమ్మే ధర 260 అయినా ఉండాలి. మీ పనికి కూలి వేసుకోకుండా ధర చెప్పొద్దు. ఆర్డర్లు పెరిగేకొద్దీ అలసట తప్ప ఏమీ మిగలదు.

టైలర్‌తో ఇంకో పెద్ద లాభం ఉంది. కటింగ్‌లో మిగిలిన గుడ్డ ముక్క అడిగి తీసుకోవచ్చు. ఫోన్‌లో వచ్చిన ఫొటో చూసి దారం రంగు ఎంచితే నెమలికంఠం ఉత్త నీలంలా, మెరూన్ ఎరుపులా కనిపించి మోసపోతాం. గుడ్డ ముక్కను పగటి వెలుతురులో దారం రీళ్ల పక్కన పెట్టి చూస్తే ఆ తేడా రాదు.

పెళ్లికూతురి మేకప్ చేసేవాళ్లు, మెహందీ పెట్టేవాళ్లు, చీరలకు ముందే కుచ్చిళ్లు పెట్టి ఇచ్చేవాళ్లతోనూ ఇలాగే మాట్లాడుకోండి.

2. పంచాంగం చూసి పని మొదలుపెట్టండి

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవని చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. చీరల డిస్కౌంట్ సేల్స్ జోరుగా నడిచే నెల అది. కొన్న చీరలన్నీ శ్రావణానికి సిద్ధం కావాలి కాబట్టి టైలర్లకు ఊపిరాడదు. శ్రావణ పౌర్ణమికి ముందు శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. దానికి కావలసిన సెట్లు ఆషాఢం చివరికే చూపించాలి, వ్రతం వారంలో కాదు. తెలంగాణలో బతుకమ్మకు, ఆంధ్రాలో సంక్రాంతికి కూడా నెల ముందే రంగులు తయారుగా పెట్టుకోండి. ఓణీల ఫంక్షన్లు, సీమంతాలు ఏడాది పొడవునా ఏదో ఒక ఇంట్లో ఉంటూనే ఉంటాయి.

3. సైజు దగ్గర అనుమానం మిగలనివ్వొద్దు

ఫోన్‌లో చూసి నచ్చినా చాలామంది వెనక్కి తగ్గేది ఇక్కడే. గాజుల సైజులో చుక్క తర్వాతి అంకె అంగుళంలో పదహారో వంతులను చెబుతుంది. 2.4 అంటే రెండుంబావు అంగుళాలు, లోపలి వ్యాసం సుమారు 57 మిల్లీమీటర్లు. 2.6 అంటే 60, 2.8 అంటే రెండున్నర అంగుళాలు, అంటే 63.5. 2.10 వీటన్నిటికన్నా పెద్దది, సుమారు 67. లెక్కల్లో దశాంశం అనుకుని 2.10ని చిన్న సైజుగా పొరబడేవాళ్లు ఉంటారు.

కస్టమర్‌కు ఇలా చెప్పండి: "మీకు సరిపోయే గాజు ఒకటి తీసి, స్కేలు మీద పెట్టి, ఒక లోపలి అంచు నుంచి ఎదుటి లోపలి అంచు వరకు కొలిచి ఫొటో పంపండి." మీ వైపు కూడా ఒక జాగ్రత్త ఉంది. దారం చుట్టాక లోపలి ఖాళీ కొంచెం తగ్గుతుంది. కాబట్టి ఖాళీ గాజును కాదు, చుట్టడం అయిపోయిన గాజును కొలవండి.

4. ఫొటోలు, వాట్సాప్

కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, ఒకటి చేతికి వేసుకుని తీయండి. ఫొటో కిందే ధర రాయండి. "ధర కోసం మెసేజ్ చేయండి" అంటే సగంమంది అడగకుండానే వెళ్లిపోతారు. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం, అందులో క్యాటలాగ్ పెట్టుకోవచ్చు. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ (ఒకేసారి చాలామందికి పంపేది) మాత్రం మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకే గాజులు చేతికిచ్చేటప్పుడే "నా నంబర్ సేవ్ చేసుకోండి" అని అడగాలి. ప్రత్యేకమైన రంగు కోరితే సగం అడ్వాన్సు తీసుకున్నాకే దారం కొనండి.

5. రిటర్న్ గిఫ్టులు, స్టాళ్లు

ఒకే ఇంటి నుంచి యాభై, వంద ముక్కల ఆర్డర్ వచ్చేది రిటర్న్ గిఫ్టులతోనే. ఇక్కడ గాజుల కన్నా జుంకాలు మేలు, సైజు గొడవ ఉండదు. ఒప్పుకునే ముందు రోజుకు ఎన్ని చేయగలరో, జిగురు ఆరడానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకోండి. ఫంక్షన్ తేదీ మనకోసం ఆగదు.

హైదరాబాద్ నుమాయిష్ ఎగ్జిబిషన్ సాధారణంగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా సాగుతుంది. ఒంటరిగా చేసుకునేవాళ్లకు అన్ని రోజుల స్టాలు బరువే. దసరాకు, దీపావళికి ముందు అపార్టుమెంట్లలో పెట్టే ఒక్కరోజు స్టాళ్లతో మొదలుపెట్టండి. డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్లు, సంఘాల మహిళలు తమ సరుకు అమ్ముకునే సరస్ మేళాల గురించి సంఘంలో అడగండి.

ఆన్‌లైన్ మార్కెట్లకు జీఎస్టీ నంబర్ తప్పనిసరి అని కొందరు ఆ వైపే చూడరు. 2023 అక్టోబరు 1 నుంచి, రిజిస్ట్రేషన్ పరిమితి లోపు అమ్మకాలున్న చిన్న వ్యాపారులు జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ ఐడీ తీసుకుని, సొంత రాష్ట్రంలోపల అమ్ముకోవచ్చు. అయితే చీరకు మ్యాచింగ్ చేసే పని అక్కడ నడవదు, ఒకే డిజైన్ పదుల్లో చేయగలిగితేనే అటు వెళ్లండి.

6. కొన్నవాళ్లను వదులుకోవద్దు

రాయి ఊడితే ఉచితంగా అతికించి ఇస్తామని ముందే చెప్పండి. ఒక రాయి ఖరీదు ఎంతని? రిపేరుకు వచ్చిన మనిషి కొత్త డిజైన్లు చూడకుండా వెళ్లదు. ఒక నోట్‌బుక్‌లో పేరు, గాజు సైజు, చేసిన రంగు, ఏ ఫంక్షన్‌కో రాసుకోండి. వచ్చే ఆషాఢంలో అందరికీ ఒకటే మెసేజ్ పంపకుండా, ఆ నోట్‌బుక్ చూసి ఒక్కొక్కరికీ రాయండి: "నమస్తే అండీ, పోయినసారి వ్రతానికి మీ ఆకుపచ్చ పట్టుచీరకు గాజులు చేశాను. మీ 2.6 సైజు నా దగ్గర రాసి ఉంది. ఈసారి చీర రంగు చెబితే చాలు."