నడుస్తుంటే ఆర్‌ఎఫ్ మీటరు అంకె ఎగసిపడుతోందా? సమస్య - పరిష్కారం

ఆర్‌ఎఫ్ మీటరు అంటే సెల్ టవరు వంటివాటి నుంచి వచ్చే రేడియో తరంగాల తీవ్రతను కొలిచే పరికరం. సమస్య ఇలా కనిపిస్తుంది: సెల్ టవరు దూరంగానే ఉంటుంది, అయినా పరికరం చేతిలో పట్టుకుని నడిస్తే అంకె పైకి లేస్తుంది, ఆగితే మెల్లగా దిగుతుంది. అనంతపురం, కర్నూలు వైపు ఈ ఫిర్యాదు ఎండాకాలంలోనే ఎక్కువగా వినిపిస్తుంది.

జేబులోని ఫోన్ ఆపారా? తెర మీద గరిష్ఠ విలువను పట్టి ఉంచే మోడ్ తీసేశారా? ఈ రెండూ చూడకుండానే పరికరం పాడైందని తేల్చేవారు చాలామంది. ఇవి సరిగా ఉన్నాయనుకుంటే, మిగిలిన అసలు కారణం ఒంటి మీది స్థిర విద్యుత్తు.

ప్రోబ్ (పరికరంలో తరంగాలను పట్టే భాగం) తలలో మూడు దిక్కులకూ మూడు చిన్న డైపోల్‌లు (యాంటెన్నాలు), ఒక్కోదాని మధ్యలో తరంగాన్ని డీసీగా మార్చే ఒక డయోడ్ ఉంటాయి. డయోడ్ ఇచ్చే అతి చిన్న డీసీ వోల్టేజీ, దాన్ని పెంచి చూపే ఆంప్లిఫయర్ దాకా చేరాలి. దారిలోని తీగలే యాంటెన్నాగా మారి తరంగాలను పట్టకూడదు కనుక, వాటిని కావాలనే ఎక్కువ నిరోధం గల పదార్థంతో చేస్తారు, ఆంప్లిఫయర్ ప్రవేశ నిరోధం కూడా చాలా ఎక్కువగా పెడతారు. చిక్కంతా ఇక్కడే వస్తుంది. పొడిగాలిలో పాలిస్టర్ చొక్కా రాపిడికి ఒంటి మీద ఆవేశం చేరుతుంది, మనం కదిలినప్పుడల్లా ప్రోబ్ చుట్టూ విద్యుత్ క్షేత్రం మారుతుంది, అందువల్ల ఆ తీగల్లో పుట్టే వోల్టేజీకీ డయోడ్ ఇచ్చిన వోల్టేజీకీ తేడా ఆంప్లిఫయర్‌కు తెలియదు.

ఒక ఏప్రిల్ మధ్యాహ్నం అనంతపురంలో ఒక మిద్దె మీద నా పరికరం విద్యుత్ క్షేత్రాన్ని మీటరు దూరానికి 6 వోల్టులుగా చూపింది. ఆ ఇంటివాళ్లు ఇల్లు ఖాళీ చేసే ఆలోచనలో ఉన్నారు. పరికరాన్ని చెక్క స్టూలు మీద పెట్టి రెండు మీటర్లు వెనక్కి జరిగి నిలబడితే, అర నిమిషంలో అది 0.4కు దిగింది. శక్తి సాంద్రత (చదరపు మీటరుకు ఎన్ని వాట్లు అన్నది) క్షేత్రం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఆ 15 రెట్ల తేడా వాట్లలో 225 రెట్ల తప్పు అవుతుంది. 2012 సెప్టెంబర్ 1 నుంచి మన దేశంలో అమలుకు వచ్చిన సెల్ టవర్ల రేడియేషన్ నియమం ప్రకారం 900 మెగాహెర్ట్జ్ దగ్గర పరిమితి చదరపు మీటరుకు 0.45 వాట్లు, అంటే మీటరుకు దాదాపు 13 వోల్టులు. నిజమైన అంకె దానికి దరిదాపుల్లో కూడా లేదు. ఆ కుటుంబాన్ని భయపెట్టిన అంకె చొక్కా మీది ఆవేశానిది.

పరిష్కారం కష్టమేమీ కాదు. నూలు బట్టలు వేసుకోండి, మొదలుపెట్టే ముందు భూమికి కలిసిన ఇనుప వస్తువును ఒకసారి ముట్టుకోండి, ప్రోబ్ గోళాన్ని పొడిబట్టతో తుడవకండి. పరికరాన్ని చెక్క స్టాండు మీద ఉంచి, దూరంగా కదలకుండా నిలబడి, అంకె నిలకడగా ఉన్నాకే రాసుకోండి. నిజమైన ఆర్‌ఎఫ్ అయితే మీరు కదలకపోయినా అంకె అక్కడే ఉంటుంది.

డయోడ్ కాలిపోవడం, కేబుల్ తెగడం వంటివి చాలా అరుదు. స్టాండు మీద కదలకుండా ఉంచిన ప్రోబ్‌ను ఒకే చోట 90 డిగ్రీలు తిప్పినప్పుడు అంకె బాగా పడిపోతే ఒక అక్షం (మూడు డైపోల్‌లలో ఒకటి) పోయినట్లు అనుమానించి, కాలిబ్రేషన్‌కు (కొలత సరిచూసే పరీక్షకు) పంపండి.