కాంపాక్ట్ ట్రాక్టరుకు మంచు బ్లేడు బిగించడం ఎలా?

బ్లేడు కొనేముందు వెనక చక్రాల వెడల్పు కొలవండి, బయటి అంచు నుంచి బయటి అంచు దాకా. బ్లేడును 30 డిగ్రీలు పక్కకు తిప్పితే అది ఊడ్చే దారి దాని పొడవులో 87 శాతానికి తగ్గుతుంది. అంటే 60 అంగుళాల బ్లేడు 52 అంగుళాలే ఊడుస్తుంది. చక్రాల వెడల్పు 50 అయితే సరిపోతుంది. 54 అయితే మాత్రం చక్రం మంచును తొక్కుకుంటూ పోతుంది. ఆ తొక్కిన మంచు గడ్డకట్టాక పారకు కూడా లొంగదు.

ఎక్కడ తగిలించాలి?

లోడరుకు, అంటే ట్రాక్టరు ముందు బకెట్‌ను ఎత్తే చేతులకు, తగిలించడం పది నిమిషాల పని, అందుకే చాలామంది దానివైపే మొగ్గుతారు. కానీ లోడరు చేతులు బరువెత్తడానికి చేసినవి, పక్క నుంచి వచ్చే దెబ్బను కాచుకోలేవు. బ్లేడు మూల రోడ్డు అంచు రాయికి తగిలితే ఆ విసురంతా ఒకే చేతి మీద పడి చేయి మెలిపడుతుంది. సబ్‌ఫ్రేము (ట్రాక్టరు కింద బోల్టులతో బిగించే ఇనుప చట్రం) రకంలో అదే దెబ్బ ట్రాక్టరు పొట్ట కిందుగా చాసిస్‌కి, కొన్ని కిట్లలో వెనక ఇరుసు దాకా పోతుంది. శీతాకాలమంతా మంచు తీసేవాళ్లు సబ్‌ఫ్రేమే కొనాలి. ఏడాదికి నాలుగైదుసార్లు నిదానంగా తోసుకునేవాళ్లకు లోడరు చాలు. వెనక త్రీ పాయింట్ లింకేజీకి (పనిముట్లు తగిలించే మూడు చేతుల అమరిక) తగిలించే బ్లేడు చవకే గానీ, పని జరిగినంతసేపూ మెడ వెనక్కి తిప్పే ఉంచాలి. పైగా మంచును చక్రాలు తొక్కేశాకే బ్లేడు అక్కడికి వస్తుంది.

లోడరుకైతే

బకెట్ తీసేసి, క్విక్ అటాచ్ పలకను (లోడరు చేతుల చివర పనిముట్లు తగిలించే పలక) ముందుకు వంచి, దాని పై అంచు బ్లేడు పలక పెదవి కిందకు దూరేలా మెల్లగా నడపండి. కొద్దిగా ఎత్తి వెనక్కి వంచితే రెండు పలకలూ అతుక్కుంటాయి. ఇప్పుడు రెండు లీవర్లూ మూయండి. కిందికి దిగి, అడుగు పిన్నులు రంధ్రాల్లోంచి బయటికి వచ్చాయో లేదో కళ్లతో చూడాల్సిందే. మంచు గడ్డ అడ్డుపడితే లీవరు మూసుకున్నట్టే కనిపిస్తుంది, పిన్ను మాత్రం లోపలే ఉండిపోతుంది. తర్వాత బ్లేడు అంచును నేలకు అదిమి చూడండి. పలకల మధ్య సందు విచ్చుకుంటే పిన్ను పడనట్టే.

సబ్‌ఫ్రేము అయితే

చదునైన గట్టి నేల మీద ఇంజను ఆపి, తాళం తీసి, పార్కింగ్ బ్రేకు వేయండి. కిందకు దూరాల్సి వస్తే జాకీని నమ్మొద్దు, స్టాండ్లు పెట్టండి. పొట్ట కింద గడ్డి కోసే డెక్కు ఉంటే ముందు దాన్ని విప్పాలి.

చాసిస్ రంధ్రాల థ్రెడ్డులో రంగు, బురద పేరుకుని ఉంటాయి. సరైన సైజు ట్యాప్ (థ్రెడ్డు కోసే పనిముట్టు) తిప్పి శుభ్రం చేయండి. బోల్టులన్నీ చేత్తో మూడు నాలుగు చుట్లు ఎక్కేదాకా ఏ ఒక్కదాన్నీ బిగించొద్దు. ఒక పక్క ముందే బిగిస్తే రెండో పక్క రంధ్రాలు కలవవు, అప్పుడు బలవంతంగా ఎక్కించిన బోల్టు థ్రెడ్డు తినేస్తుంది. 8.8 గ్రేడు పొడి బోల్టులకు బిగింపు బలం (టార్కు) ఎం12 అయితే సుమారు 85 న్యూటన్ మీటర్లు, ఎం16 అయితే సుమారు 210. కిట్ పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ఖరారు. థ్రెడ్డుకు నూనె రాసి ఇదే టార్కు పెడితే బోల్టు సాగిపోవచ్చు.

బిగించాక స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిప్పండి. ఒక ముందు చక్రాన్ని చెక్క దిమ్మె మీదకు ఎక్కించి మళ్లీ తిప్పండి, ఎందుకంటే ముందు ఇరుసు అటూ ఇటూ ఊగుతుంది. చదునుగా ఉన్నప్పుడు తగలని చక్రం ఇరుసు వాలినప్పుడు ఫ్రేముకు రాసుకోవచ్చు. చక్రాలకు చైన్లు వాడేట్టయితే ఈ పరీక్ష చైన్లు వేసే చేయాలి.

హైడ్రాలిక్ పైపులు

ఎక్కువ తిప్పలు ఇక్కడే. లోడరు వాల్వుకు ఉండేవి రెండు పనులే: ఎత్తడం, బకెట్ వంచడం. సబ్‌ఫ్రేము రకంలో లోడరు విప్పేస్తే ఆ రెండూ బ్లేడు ఎత్తడానికి, తిప్పడానికి సరిపోతాయి. లోడరుకే తగిలిస్తే రెండూ అప్పటికే వాడకంలో ఉంటాయి కాబట్టి, తిప్పడానికి మూడో వాల్వు కావాలి. అది లేకపోతే ప్రతిసారీ దిగి పిన్ను మార్చుకోవాలి.

ఎడమ సిలిండరు చాచుకుంటే బ్లేడు కుడివైపు తిరుగుతుంది. లీవరు ఒకవైపు, బ్లేడు ఇంకోవైపు పోతుంటే రెండు కప్లర్లనూ (పైపులను కలిపే జోడింపులు) తారుమారు చేస్తే సరి. జేఐసీ రకం పైపు ఫిట్టింగులకు టెఫ్లాన్ టేపు చుట్టొద్దు. అవి లోహపు శంకువులు ఒకదానికొకటి అదుముకోవడంతోనే సీల్ అవుతాయి, టేపు ముక్కలు వాల్వులోకి పోయి ఇరుక్కుంటాయి. బ్లేడును పూర్తిగా ఎడమకు, కుడికి, పైకి, కిందికి కదిపి, ఏ స్థితిలోనూ పైపు బిగదీసుకోకుండా, చక్రానికి తగలకుండా ఉందని చూసుకున్నాకే క్లిప్పులు వేయండి.

క్రాస్‌ఓవర్ రిలీఫ్ వాల్వు లేని కిట్ కొనకపోవడమే మంచిది. బ్లేడు మూల రాయికి తగిలినప్పుడు ఒక సిలిండరులో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ఈ వాల్వు ఆ నూనెను రెండో సిలిండరులోకి వదిలి బ్లేడును తప్పుకోనిస్తుంది. లేకపోతే పైపు పగులుతుంది, లేదా సిలిండరు రాడ్డు వంగుతుంది.

తర్వాత బ్లేడును నేల నుంచి ఎత్తి, చివరి నుంచి చివరికి ఐదారుసార్లు తిప్పితే గాలి పోతుంది. ఇంజను ఆపి నూనె మట్టం చూడండి, తగ్గి ఉంటుంది. కారుతున్న చోటును చేత్తో తడమకండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఒత్తిడితో చిమ్మే నూనె చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, అది ఆసుపత్రి పాలు చేసే గాయం. కప్లరు ఊడనని మొరాయిస్తే లోపల ఒత్తిడి చిక్కుకున్నట్టు. బ్లేడు నేల మీదకు దించి, ఇంజను ఆపి, లీవరును అన్నివైపులా కదిపాక లాగండి.

బ్లేడు సర్దుబాటు

కింది బూట్లను (బ్లేడును నేల మీద మోసే ఆనుపలకలు) సిమెంటు నేల మీద అంచు అర అంగుళం పైన ఉండేలా పెట్టండి. కంకర దారి అయితే అంగుళం, కంకర వదులుగా ఉంటే ఇంకాస్త. లేకపోతే మంచుతోపాటు దారి కూడా గట్టు మీదకు చేరుతుంది. లోడరు రకంలో బ్లేడు నిలువుగా ఉందో లేదో పక్క నుంచి చూడండి. ముందుకు వాలితే అంచు నేలలో దిగబడుతుంది, వెనక్కి వాలితే మంచు మీదుగా జారిపోతుంది.

అడ్డంకి తగిలినప్పుడు బ్లేడు అంచు వెనక్కి మడతపడేది ట్రిప్ స్ప్రింగుల వల్లే. పుస్తకంలో చెప్పినదాని కంటే బిగించారంటే బ్లేడు మడతపడదు, దెబ్బ నేరుగా ఫ్రేముకు పోతుంది. మరీ వదులైతే తడిమంచుకే బ్లేడు పల్టీ కొడుతూ ఉంటుంది.

ముందు బ్లేడు బరువు పడేకొద్దీ వెనక చక్రాలు తేలికై జారతాయి. త్రీ పాయింట్ లింకేజీకి బరువు పెట్టె తగిలించండి. ఎంత వేయాలో ట్రాక్టరు పుస్తకంలో ఉంటుంది.

నడిపేటప్పుడు ఎత్తే లీవరును ఫ్లోట్‌లో పెట్టండి, బ్లేడు నేల ఎత్తుపల్లాల వెంట తనే కదులుతుంది. కిందికి నొక్కి పట్టుకుంటే ముందు చక్రాలు తేలి స్టీరింగు పట్టు తప్పుతుంది. మొదటిసారి నడక వేగానికి మించొద్దు. గంట పని అయ్యాక ఫ్రేము బోల్టులన్నిటికీ మళ్లీ టార్క్ రెంచి పెట్టండి. కొత్త రంగు అణిగి, కొన్ని వదులై ఉండొచ్చు.